పుల్లరి వసూలు చేసినవాళ్ళలో నచ్చేదేముంది?

ప్రశ్న: పిన్నిగారికి నమస్కారం. మాది నరసరావుపేట. మావారి ఉద్యోగం వల్ల ఎనిమిది నెలల కిందట ఇంగ్లండులోని రెడింగ్ వచ్చాం. ఇక్కడి లైబ్రరీలో ప్రతి గురువారం కొత్తవాళ్ళు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. నేనూ వెళ్తున్నాను. వచ్చే వారం నా వంతు. "బ్రిటిష్ సంస్కృతిలో నాకు బాగా నచ్చినవి" అని అయిదు నిమిషాలు మాట్లాడాలి. మావారేమో రాజుగారి కోట, బిగ్ బెన్, చేపా చిప్సూ అని చెప్పేసి కూర్చోమంటున్నారు. మేం చేపలు తినం కూడా. నాన్నగారికి ఫోన్లో చెప్తే ఆయన నవ్వి, "అడవిలో గొడ్లు మేపుకున్నందుకు పుల్లరి పన్ను కట్టలేదని కన్నెగంటి హనుమంతుని కాల్చేసినవాళ్ళు, మన అమరావతి రాళ్ళు ఎత్తుకుపోయినవాళ్ళు. వాళ్ళలో నచ్చేదేముందమ్మా?" అన్నారు. అప్పట్నుంచీ నాకు ఏం రాయాలన్నా చెయ్యి సాగట్లేదు. నిజం చెప్పాలంటే నాకేం నచ్చిందో నాకే తెలీదు. వంటిల్లు, టెస్కో, వాన, ఇదే నా బ్రిటన్. మీరు ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నారు కదా, మీకేం నచ్చాయో కాస్త చెప్పరూ? పేరు వెయ్యకండి, పల్నాడు అమ్మాయి అనండి చాలు.

సమాధానం:

పల్నాడు అమ్మాయీ,

ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. నాది బందరు. మీ వైపు పుల్లరి గొడవ 1922 నాటిది. మా ఊళ్ళో వాళ్ళు 1611లోనే దిగి, గుడ్డల బేరానికని గిడ్డంగి పెట్టుకున్నారు. బాకీల పుస్తకం తీస్తే మాది మీదానికంటే మూడొందల పేజీలు ఎక్కువే ఉంటుంది. 1998లో మా ఆయన ఆస్పత్రి ఉద్యోగానికని ఇంగ్లండు ఉత్తరాన ఉన్న షెఫీల్డ్ వచ్చినప్పుడు ఆ పుస్తకం చంకన పెట్టుకునే విమానం దిగాను. ఇప్పటికీ అవతల పారెయ్యలేదు. అయినా ఈ దేశంలో నాకు నచ్చినవి బోలెడున్నాయి. బాకీలూ ఇష్టాలూ ఒకే ఇంట్లో పడి ఉన్నాయి, ఇన్నేళ్ళలో వాటికి పెద్దగా తగువు రాలేదు.

నీకిచ్చిన అంశాన్ని నువ్వు కాస్త పెద్దదిగా పట్టుకున్నావేమో అని నా అనుమానం. ఈ దేశానికి సర్టిఫికెట్ ఇమ్మని నిన్నెవరూ అడగలేదు. కోటా గంటస్తంభమూ ఇక్కడివాళ్ళకే పట్టవు. మీ లైబ్రరీలో ఉన్నవాళ్ళని అడుగు, చివరిసారి బిగ్ బెన్ చూడ్డానికని ఎప్పుడు వెళ్ళారో. విజయవాడలో మా చుట్టాలు కొండపల్లి కోట చూసినంత సార్లే చూసుంటారు. అంటే బయట్నుంచి చుట్టం వచ్చినప్పుడు.

నాకు మొట్టమొదట నచ్చింది పిలుపు. షెఫీల్డ్‌లో దిగిన వారానికి బస్సెక్కితే డ్రైవరు టికెట్టు చేతికిచ్చి నన్ను "లవ్" అన్నాడు. మా ఆయన మొహం చూడాలి! నెల తిరిగేసరికి కూరల కొట్టామె ఆయన్నీ "లవ్" అనేసింది. పక్కవీధి ముసలాయన "డక్" అన్నాడు. బాతుతో ఏం సంబంధం లేదు. ముక్కూ మొహం తెలియని పిల్లాణ్ణి మనం "ఏం నాన్నా" అని పిలవమూ, అలాంటిదే. మీ దక్షిణాది ఊళ్ళలో ఈ పిలుపులు తక్కువ. కానీ బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగడం నువ్వూ చూసే ఉంటావు.

"యూ ఆల్‌రైట్?" అనే మాట దగ్గర మాత్రం నా పరువు పోయింది. కౌంటరు దగ్గరమ్మాయి అలా అంటే నిజంగానే అడుగుతోందనుకుని నా మోకాలి నొప్పి దగ్గర్నుంచి మా అత్తగారి బీపీ దాకా చెప్పాను. నా వెనక క్యూలో ఏడుగురున్నారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. "యూ ఆల్‌రైట్?" కి జవాబు కూడా "యూ ఆల్‌రైట్?" అనేనని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. మనం "భోజనమైందా?" అంటాం. అన్నం పెడదామని అడుగుతామా ఏంటి?

ఇంకోసారి పక్కింటామె సాయంత్రం అయిదింటికి "టీ"కి రమ్మంది. బిస్కెట్టు ముక్కతో సరిపెడతారు కదా అని ఇంట్లో సుష్టుగా ఉప్మా తిని బయల్దేరాం. చూస్తే బల్ల నిండా ఉడికించిన బంగాళాదుంపలు, బఠాణీలు, మాంసం ముట్టమని మా కోసం విడిగా, చీజూ ఉల్లిపాయలూ కూరి కాల్చిన "పై" అనే పిండివంట. ఈ ఉత్తరాది ఊళ్ళలో చాలామందికి "టీ" అంటే రాత్రి భోజనం, "డిన్నర్" అంటే మధ్యాహ్నం తినేది. బళ్ళో మధ్యాహ్నం అన్నాల దగ్గర ఉండే ఆడవాళ్ళని డిన్నర్ లేడీస్ అనే అంటారు. ఉప్మా మీద ఆ భోజనం కూడా చేసి, రాత్రంతా ఇద్దరం వాము నములుతూ కూర్చున్నాం.

ఇక అసలు సంగతి. ఈ దేశంలో నాకు అన్నిటికంటే నచ్చింది పొలాల మధ్య నుంచి పోయే కాలిబాట.

మన ఊళ్ళలో డొంకలుండేవి, పొలాల మధ్య నుంచి పోయే దారులు. నీ వయసుకి తెలియకపోవచ్చు, మీ నాన్నగారిని అడుగు. గట్టు పక్కవాడు ఏడాదికో జానెడు చొప్పున నాగలి లోపలికి తోసి తోసి, ఎన్నో డొంకలు పొలాల్లో కలిసిపోయాయి. అడిగితే తగువు, అడక్కపోతే చుట్టూ తిరిగి పోవడం. ఇక్కడ ఒక దారి జనం నడిచే దారిగా నమోదైందంటే, పొలం ఎవరి పేరున ఉన్నా దాని మీద నడిచే హక్కు అందరిదీ. గోధుమ చేనుకి అడ్డంగా పోయినా సరే. రైతు దున్నుకోవచ్చు, కానీ మళ్ళీ దారి తీసివ్వాలి. కంచె వేసుకోవచ్చు, మనిషి దాటడానికి మెట్టో గేటో పెట్టాలి. ఇంగ్లండు, వేల్సు కలిపి ఇలాంటి హక్కు దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లున్నాయి. కొయ్య గుంజ మీద చిన్న పసుపు బాణం ఉంటే అదే గుర్తు. ఇక్కడి సర్కారీ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ నారింజ అట్ట మ్యాపులో పచ్చని తెగుగీతలా కనిపిస్తుంది.

నేను మొదటిసారి వెళ్ళింది ఏప్రిల్ నెలాఖరులో. రెండు పక్కలా మన ఆవాలకి చుట్టమైన రేప్‌సీడ్ అనే నూనెగింజల చేలు, నడుమెత్తున పసుపు. గేటు ముందు పావుగంట నిలబడ్డాను, లోపలికి అడుగేస్తే ఎవరు కుక్కని వదుల్తారోనని. అవతల నుంచి ట్రాక్టరు మీద వచ్చినాయన నన్ను చూసి చెయ్యూపాడు. వెళ్ళేటప్పుడు గేటు వేసి వెళ్ళమని సైగ చేశాడు. అంతే.

ఇది దొరలు దయతలచి ఇచ్చింది కాదు. ఆ కథ జరిగిన కిండర్ స్కౌట్ కొండ మాకు దగ్గరే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. ఒకప్పుడు ఊరంతా గొడ్లని మేపుకున్న ఉమ్మడి భూములు ఈ దేశంలో చాలాచోట్ల కంచెలు పడి పెద్దల చేతికి పోయాయి. కొండల మీదేమో గ్రౌస్ అనే కౌజులాంటి పిట్టని వేటాడుకోవడం కోసం మామూలు జనాన్ని రానివ్వకుండా కాపలావాళ్ళని పెట్టారు. మాంచెస్టరు, షెఫీల్డు ఫ్యాక్టరీల్లో వారమంతా పొగ పీల్చినవాళ్ళు ఆదివారం గాలి కోసం కొండెక్కుదామంటే ఆ కాపలావాళ్ళు కర్ర పట్టుకుని అడ్డం వచ్చేవాళ్ళు. 1932 ఏప్రిల్ 24న హేఫీల్డ్ అనే ఊరి నుంచి సుమారు నాలుగొందల మంది కావాలనే ఎక్కారు. ముందు నడిచిన బెన్నీ రోత్‌మన్‌కి ఇరవయ్యేళ్ళు. పైన కాపలావాళ్ళతో తోపులాట అయింది. కోర్టు అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు వేసింది. నడిచినందుకు జైలా అని అప్పటిదాకా పట్టించుకోనివాళ్ళకి కూడా ఒళ్ళు మండింది. 1949లో జాతీయ ఉద్యానవనాలకీ ఇలాంటి దారుల నమోదుకీ చట్టం వచ్చింది. 1951లో దేశంలో మొదటి జాతీయ ఉద్యానవనం అయింది ఆ కొండల సీమే. 2000లో కొండల మీదా బీడుల మీదా దారితో పని లేకుండా తిరిగే హక్కు కూడా ఇచ్చారు.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. 1922లో పల్నాడు అడవిలో గొడ్లు మేపుకోవాలంటే పుల్లరి కట్టమన్నారు. కట్టనివ్వనన్న హనుమంతుని కాల్చేశారు. పదేళ్ళ తర్వాత సొంత దేశంలో కొండెక్కిన కుర్రాళ్ళని జైల్లో పెట్టారు. తూటాకీ కొన్ని నెలల జైలుకీ నేను పోలిక పెట్టను, పెడితే మీ నాన్నగారు నా మొహం చూడరు. కానీ రెండు చోట్లా జనం అడిగింది ఇంచుమించు ఒకటే: ఈ నేల మీద మా కాలు ఎందుకు పెట్టకూడదు? కాబట్టి "వాళ్ళలో నచ్చేదేముంది" అని ఆయన మళ్ళీ అంటే, పుల్లరి వసూలు చేసినవాళ్ళలో ఏమీ లేదండీ, వాళ్ళ దొరల మీద తిరగబడ్డ వాళ్ళ జనంలో చాలా ఉంది అని చెప్పు. నాకు నచ్చినవి రాసుకుంటూ పోతే సగం ఆ జనం గుంజుకుని తెచ్చుకున్నవే తేలాయి.

ఈ కథకే చిన్న తోక ఉంది. వీళ్ళు సారీ అనే మాటని ఎంత చవగ్గా వాడతారో చూశావుగా. మనం వాళ్ళ కాలు తొక్కితే వాళ్ళే సారీ అంటారు. మా లైబ్రరీలో ఒక పెద్దాయన కుర్చీకి తగిలి కుర్చీకి సారీ చెప్పాడు, నా కళ్ళతో చూశాను. అది మనం ఎవరైనా తుమ్మితే "చిరంజీవ" అన్నట్టు, బరువు లేని మాట. బరువున్న సారీ వేరే ఉంది, అది రావడానికి చాలా కాలం పడుతుంది. ఆ కొండ ఒకప్పుడు డెవన్‌షైర్ ప్రభువులది. 2002లో, ఆ కొండెక్కిన సంఘటనకి డెబ్బై ఏళ్ళు నిండిన సభకి ఆ వంశంలో ప్రభువు వచ్చి, మా తాతగారి హయాంలో జరిగింది తప్పని అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. మన జలియన్‌వాలాబాగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నూరేళ్ళ తర్వాత, 2019లో, ప్రధానమంత్రి పార్లమెంటులో విచారం దాకా వచ్చి ఆగిపోయింది. ఇది నువ్వు గురువారం చెప్పినా ఎవరూ నొచ్చుకోరు. తమని తామే దెప్పుకోవడం వీళ్ళకి మహా సరదా. గొంతు పెంచకుండా చెప్పు, అది చాలు.

తర్వాత తోట. అలాట్‌మెంట్ అనే మాట విన్నావా? కౌన్సిలు వాళ్ళు, అంటే మన మునిసిపాలిటీ లాంటివాళ్ళు, ఏడాదికింతని అద్దె తీసుకుని కూరలు పండించుకోవడానికి ఇచ్చే మడి. ఇదీ ఆ కంచెల కథలోంచి పుట్టిందే. ఉమ్మడి భూములు పోయాక, సెంటు నేల లేని కూలీలకి దుంపలు వేసుకోవడానికైనా జాగా ఇవ్వాలనే గోల చాలా ఏళ్ళు నడిచింది. చివరికి జనం అడిగితే మడులు చూపించే బాధ్యత కౌన్సిళ్ళదేనని 1908 చట్టంలో రాశారు. పూర్తి మడి 250 చదరపు మీటర్లు, మన లెక్కలో ఆరు సెంట్లు పైచిలుకు. పేరు రాయించి వరసలో కూర్చోవాలి. మాకు నాలుగేళ్ళకి సగం మడి దక్కింది.

మొదటి ఏడాది ఎవరైనా ఏం చేస్తారు? గోంగూర వేశాను. బందరు నుంచి తెచ్చిన విత్తనం. మొలిచింది, నాలుగాకులు వేసింది, జూన్ చలికి బిక్కచచ్చి అక్కడే నిలబడిపోయింది. పక్క మడి ముసలాయన బొగ్గుగనుల్లో పని చేసి మానేసినవాడు. మూడు రోజులు చూసి, "ఏం మొక్క అది, లవ్?" అన్నాడు. పుల్లటి ఆకు, పప్పులో వేసుకుంటాం అన్నాను. "పులుపేగా నీకు కావాల్సింది" అని తన మడి మూల నుంచి నాలుగు ఎర్రటి కాడలు లాగి చేతిలో పెట్టాడు. రూబార్బ్.

వీళ్ళు దాన్ని పంచదార పోసి ఉడికిస్తారు. పైన వెన్నా పిండీ పొడిపొడిగా కలిపి చల్లి కాలుస్తారు, దాన్ని క్రంబుల్ అంటారు. వేడి కస్టర్డ్ పోసుకుని తింటారు. నేను కందిపప్పులో వేశాను. గోంగూర పప్పుకి సరిసాటి అని అబద్ధం చెప్పను. చుక్కకూర పప్పుకి మాత్రం సొంత చెల్లెలే. ఇది మాటవరసకి అనడం కాదు. చుక్కకూరా రూబార్బూ నిజంగానే ఒకే కుటుంబం మొక్కలు. మరుసటి రోజు గిన్నెలో పెట్టి ఆ ముసలాయనకిచ్చాను. తిని, "నాట్ బ్యాడ్" అన్నాడు. యార్క్‌షైర్ మనిషి నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు రాదని అప్పటికే నాకు తెలుసు.

మా యార్క్‌షైర్‌లో వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాథ్‌వెల్ ఊళ్ళ మధ్య నేలని రూబార్బ్ త్రికోణం అంటారు. బయట చేలో రెండేళ్ళు పెరిగిన మొదళ్ళని చలికాలంలో తవ్వి చీకటి షెడ్లలోకి మారుస్తారు. లోపల వెచ్చగా ఉంటుంది, వెలుతురు ఉండదు. కాడలు చీకట్లోనే నిటారుగా, లేతగా, గులాబీ రంగులో పైకి లేస్తాయి. కోసేటప్పుడు కూడా కొవ్వొత్తి వెలుగే వాడతారు. ఒక ఫిబ్రవరిలో చూడ్డానికి వెళ్ళాం. లోపలికి అడుగు పెట్టగానే గుళ్ళోకి వెళ్ళినట్టు అందరూ మాటలాపేశారు. ఆ చీకట్లో మొగ్గలు విచ్చుకుంటున్న చిటుకు చిటుకు శబ్దం వినపడింది. మా ఆయన తెలుగులో "ఇది పెరుగుతుంటే వినపడుతోందే!" అని గట్టిగా అనేశాడు, అందరూ తిరిగి చూశారు. మన బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి చీకటి రూబార్బ్‌కి 2010లోనే యూరప్ గుర్తింపు దక్కింది.

లైబ్రరీ గురించి ఎక్కువ చెప్తే సొంత డబ్బా అవుతుంది. పద్నాలుగేళ్ళు అందులోనే జీతం తీసుకున్నాను. ఒక్క మాట. 1850లో మొదటి చట్టం వచ్చింది, 1964 చట్టంతో లైబ్రరీ నడపడం కౌన్సిలుకి బాధ్యత అయింది, దయ కాదు. నువ్వు గురువారం కూర్చునే కుర్చీలో మీ ఆయన కట్టే కౌన్సిల్ ట్యాక్సు వాటా ఉంది. గత పదిహేనేళ్ళలో డబ్బుల్లేవని చాలా లైబ్రరీలు మూసేశారు. కాబట్టి వెళ్ళినప్పుడల్లా ఒక పుస్తకం తీసుకో. చదవకపోయినా తీసుకో, లెక్కలో పడుతుంది.

ఇప్పుడు చెప్పేది వింటే నవ్వుతావు. నాకు నచ్చినవాటిలో అర్ధరాత్రి రేడియో ఒకటి. బీబీసీ రేడియో 4లో రాత్రి ఒంటిగంటకి పది పన్నెండు నిమిషాల ముందు ఓడలవాళ్ళకి వాతావరణం చెప్తారు. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 ముక్కలు చేసి వరసగా పేర్లు చదువుతారు: వైకింగ్, నార్త్ ఊట్సీరా, సౌత్ ఊట్సీరా, ఫోర్టీస్, క్రోమర్టీ, ఫోర్త్, టైన్, డాగర్... గాలి ఎటు నుంచి, ఎంత జోరు, వాన ఉందా, చూపు ఎంత దూరం ఆనుతుంది. ఒక్క మాట ఎక్కువుండదు. జన్మలో పడవెక్కనివాళ్ళు కూడా దుప్పటి కప్పుకుని దాన్ని జోలపాటలా వింటారు.

నాకది ఎందుకు పట్టుకుందో మొదటి రాత్రే తెలిసింది. తుపాను రోజుల్లో మా నాన్న ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని కూర్చునేవాడు. మచిలీపట్నం ఓడరేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు, మత్స్యకారులు వేటకి వెళ్ళరాదు. అదే తొణకని గొంతు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు నేను బడి పిల్లని. ఆ తర్వాత చాలా కాలం మా వీధిలో రేడియో వార్తల వేళ ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు.

ఈ ఓడల వార్తకి మూలపురుషుడు ఫిట్జ్‌రాయ్ అనే నావికుడు. డార్విన్‌ని ప్రపంచం చుట్టూ తిప్పిన బీగల్ ఓడ కెప్టెను. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ వేల్సు తీరంలో తుపానుకి బద్దలై నాలుగొందల మందికి పైగా పోయారు. ఆ దెబ్బతో ఆయన టెలిగ్రాఫు మీద రేవులకి ముందే కబురు పంపే పద్ధతి 1861లో మొదలుపెట్టాడు. 2002లో ఒక సముద్రపు ముక్కకి ఆయన పేరే పెట్టారు. ఇది చదివిన రోజు నా బాకీ పుస్తకం దానంతటదే తెరుచుకుంది. 1861లో ఇక్కడ రేవులకి తుపాను కబురు అందింది. 1864 నవంబరు 1న మా బందరు మీద ఉప్పెన పడి సుమారు ముప్ఫై వేల మంది కొట్టుకుపోయారు. మన దేశానికి వాతావరణ శాఖ అంటూ పెట్టింది 1875లో. చాలాసేపు ఆ పేజీ దగ్గరే కూర్చున్నాను. ఆ రాత్రీ రేడియో పెట్టాను. ఇప్పటికీ నిద్ర రానప్పుడు పెడతాను. డాగర్ దాటి ఎప్పుడూ వినలేదు.

మీ నాన్నగారి రెండో ఫిర్యాదు రాళ్ళ గురించి కదా. నువ్వు వెళ్ళి చూసి రా. మీ రెడింగ్ నుంచి పాడింగ్టన్‌కి రైల్లో అరగంట. బ్రిటిష్ మ్యూజియం 1759లో తలుపులు తీసినప్పుడు ప్రవేశం ఉచితం, ఇప్పుడూ ఉచితమే. 33ఎ గది అడుగు. అద్దాల వెనక అమరావతి స్తూపం శిల్పాలు సుమారు 120 ఉన్నాయి. వాటి కథ మనం అనుకునేంత సూటిగా లేదు. 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ ఆ స్తూపం దిబ్బ దగ్గరికి వెళ్ళేసరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి కొత్త ఊరి కట్టుబడికి ఆ రాళ్ళు పెళ్ళగించి వాడుకుంటున్నారు. 1845లో కంపెనీ ఉద్యోగి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చాడు. 1859లో అవి లండను ఓడెక్కాయి. ఆ రాయి ఏ రాయనుకున్నావు? మీ పల్నాటి సున్నపురాయే.

ఒక పలక దగ్గర ఆగు. ఒకవైపు క్రీస్తుకి ముందు చెక్కిన బోధిచెట్టు, దాని కింద ఖాళీ ఆసనం. మూడొందల ఏళ్ళ తర్వాత అదే రాయి తిప్పి రెండోవైపు నిండుగా స్తూపం చెక్కారు. నేను చూసినప్పుడు ముందు కోపం వచ్చింది, తర్వాత కళ్ళు చెమర్చాయి. పక్కన బడి పిల్లలు నేల మీద కూర్చుని పెన్సిళ్ళతో ఆ సింహాల బొమ్మలు గీసుకుంటున్నారు. వాళ్ళ టీచరు బోర్డు మీద పేరు చదవబోయి "అమరా... అమరవా..." అని ఆగింది. నేను పలికి చూపించాను. పిల్లలంతా నాలుగుసార్లు అన్నారు, అమరావతి, అమరావతి అని. ఉచిత మ్యూజియం నాకు నచ్చుతుంది. ఆ రాళ్ళు అక్కడ ఉండటం నచ్చదు. ఈ రెండు వాక్యాలూ ఒకదాని పక్కన ఒకటి చెప్పెయ్యి, మధ్యలో "కానీ" కూడా అక్కర్లేదు. వెళ్ళిన రోజు ఆ పలక ముందు నిలబడి మీ నాన్నగారికి వీడియో కాల్ చెయ్యి.

నచ్చనివి అడగలేదు గానీ ఒకటి చెప్పకపోతే నాకు ఆగదు. చేతులు కడుక్కునే చోట వేణ్ణీళ్ళకో కుళాయి, చన్నీళ్ళకో కుళాయి విడివిడిగా పెడతారు చూశావూ. ఒక చెయ్యి కాలుతుంది, ఒక చెయ్యి కొంకర్లు పోతుంది. ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను, సరైన సమాధానం చెప్పినవాడు లేడు.

గురువారం సంగతి. పదిహేను చెప్పకు, ఒక్కటి చాలు. అదీ నాది అప్పు తీసుకోవద్దు, నీది వెతుక్కో. ఈ శనివారం మీ ఆయన్ని లేపి, ఇంటి దగ్గర్లో పసుపు బాణమో, లేకపోతే మీ ఊరి పక్క నుంచే పోయే థేమ్స్ నది బాటో పట్టుకుని ఒక గంట నడవండి. వాన పడితే మీ ఊరి మ్యూజియానికి వెళ్ళు, అక్కడ బిస్కెట్ల గది ఉంది. హంట్లీ అండ్ పామర్స్ అని 1822లో మీ రెడింగ్‌లోనే మొదలైన బిస్కెట్ల కంపెనీ, దాని రేకు డబ్బాలు ప్రపంచమంతా తిరిగాయి. మా నాయనమ్మ సూదీ దారం దాచుకున్న డబ్బా మీద రెడింగ్ అని ఉండేది. అదొక ఊరి పేరని, లండను వెళ్ళే రైల్లోంచి స్టేషను బోర్డు చూసేదాకా నాకు తెలియదు. ఏమో, నీ అయిదు నిమిషాలు ఆ అద్దాల బీరువాలోనే ఉన్నాయేమో.

మాటలు తడబడతాయని భయమైతే చేతిలో ఒక డబ్బాతో రూబార్బ్ పప్పు పట్టుకెళ్ళు. తినేవి తేవచ్చా అని ముందు అడుగు, కొందరికి కొన్ని పడవు. ఇప్పుడు మే నెల, రూబార్బ్ ఎక్కడ చూసినా దొరుకుతుంది. గ్లాసు కందిపప్పుకి రెండు కాడలు. పప్పు ముందే మెత్తగా ఉడికించుకో. కాడ ముక్కలూ పచ్చిమిరపకాయలూ తర్వాత వెయ్యి, ఏడెనిమిది నిమిషాల్లో కరిగిపోతాయి. ఉప్పు, పసుపు, ఇంగువ, ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు. కొట్లో కాడలే అమ్ముతారు. ఎవరైనా తోటలోంచి ఆకులతో సహా ఇస్తే ఆకు కోసి చెత్తలో వెయ్యి, అది విషం. మొదటి ముద్ద మీ ఆయనకే పెట్టు. గోంగూర ఎక్కడ దొరికింది అంటాడు. వెంటనే చెప్పకు.